కృష్ణకుమారి గారూ, రెండుంపావు క్రాషూ

మా ఆఫీసులో ప్రోగ్రామర్లు నిమ్మళంగా టీ తాగుతున్నారంటే, ఆ రోజు కృష్ణకుమారి గారు సెలవు పెట్టారని అర్థం. ఆవిడ టెస్టరు. మేము రాసిన సాఫ్ట్‌వేర్ ఎక్కడ విరుగుతుందో చూసి చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఇరవై నాలుగేళ్ళుగా అదే పని చేస్తున్నా ఆవిడకు ఇంకా విసుగు పుట్టలేదు. మనం మూడు వారాలు ఒళ్ళు హూనం చేసుకుని తయారుచేసినదాన్ని మెల్లగా తెరుస్తారు. కళ్ళజోడు సవరించుకుంటారు. "ఇక్కడ ఇలా నొక్కితే ఏమవుతుందండీ?" అని అడుగుతారు. ఆ 'అండీ' వినగానే నేను టీ కప్పు కింద పెట్టేస్తాను.

నా పేరు రఘువీర్. మాది వరంగల్. నోయిడా సెక్టార్ అరవై రెండులో ఉన్న ఈ చిన్న కంపెనీలో పదకొండేళ్ళుగా ఉన్నాను. ఇప్పుడు టీముకు పెద్దని. నాకు కోపం ఎక్కువ. అహం అంతకన్నా కాస్త ఎక్కువేనని నాకు ఈ ఫిబ్రవరిలోనే తెలిసింది. మా ఆవిడకు పెళ్ళైన కొత్తల్లోనే తెలిసిందట.

మేము చేసే వస్తువు సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. ఫ్యాక్టరీలో యంత్రాలు కేబుళ్ళ మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాయి. "నేను తిరుగుతున్నాను, నువ్వు తిరుగుతున్నావా?" అన్నట్టుంటాయి ఆ మాటలు. మా సాఫ్ట్‌వేర్ వాటిని చాటుగా విని, ఫైల్లో రాసిపెట్టి, మనిషి చదువుకునేలా మాటకొక వరస చొప్పున తెర మీద చూపిస్తుంది. ఒక యంత్రం ఉన్నట్టుండి మూగబోతే ఎక్కడ, ఎప్పుడు అన్నది ఆ వరసలు చూసి పట్టుకోవచ్చు. ఇంతే మా వ్యాపారం. బంధువులు అడిగితే మాత్రం చాలా గొప్పగా చెబుతాను.

కృష్ణకుమారి గారిది బొబ్బిలి. అసలు ఆవిడ ఢిల్లీకి వచ్చింది కలెక్టరు అవడానికి. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో డాబా మీద రేకుల గదిలో ఉండి నాలుగుసార్లు సివిల్స్ రాశారు. మూడుసార్లు మెయిన్స్ దాకా, ఒకసారి ఇంటర్వ్యూ దాకా వెళ్ళారు. ఆ తర్వాత పేపర్లో ఒక ప్రకటన చూశారు. ఓపిక ఉన్నవాళ్ళు కావాలి, కంప్యూటరు రాకపోయినా నేర్పిస్తాం అని ఉంది. ఓపిక తప్ప తన దగ్గర ఇంకేమీ మిగల్లేదు కాబట్టి వెళ్ళానని ఆవిడే చెబుతారు. భర్త ప్రభుత్వ ముద్రణాలయంలో ప్రూఫ్‌రీడరు. ఇద్దరిదీ తప్పులు పట్టే ఉద్యోగమే. ఆ ఇంట్లో పిల్లలు ఎలా పెరిగారో తలుచుకుంటే నాకు జాలేస్తుంది. ఇద్దరూ చక్కగానే ఉన్నారనుకోండి.

ఇక క్రాష్ సంగతి.

ఘాజియాబాద్‌లో సాహిబాబాద్ వైపు ఒక బిస్కెట్ ఫ్యాక్టరీ మా కస్టమరు. జనవరి చివర్లో వాళ్ళకు మా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఇచ్చాం. ఇచ్చిన మూడోరోజు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మధ్యాహ్నం రెండుంపావు ప్రాంతంలో సాఫ్ట్‌వేర్ టప్పున మూసుకుపోతోంది. రోజూ అదే వేళకి. ఒక్క మంగళవారం మాత్రం ఏమీ అవదు. మెమరీలో తనది కాని చోట చెయ్యి పెట్టినందుకు కంప్యూటరే మా సాఫ్ట్‌వేర్‌ని ఆపేసిందని అక్కడి నుంచి వచ్చిన రిపోర్టు చెబుతోంది. ఎక్కడ పెట్టిందో, ఎందుకు పెట్టిందో మాత్రం చెప్పదు.

మేము చెప్పుకోని కారణం లేదు. రెండు గంటలకి కరెంటు పోయి జనరేటరు మీదికి మారుతోందన్నాడొకడు. క్యాంటీన్లో మైక్రోవేవ్ వల్ల అన్నాడు ఇంకొకడు. మంగళవారం అక్కడ హనుమాన్ మందిరానికి సగం మంది సెలవు పెడతారు కాబట్టి నెట్‌వర్క్ మీద బరువు తగ్గుతుందన్నది నా సొంత సిద్ధాంతం. చాలా తెలివిగా చెప్పాననుకున్నాను. వాళ్ళు పంపిన ఫైలునే మా ఆఫీసులో తెరిచి, మొదటి వరస నుంచి చివరి దాకా రెండువందలసార్లు చదివించాం. ఒక్కసారీ పడలేదు. ఇద్దరు కుర్రాళ్ళను ఫ్యాక్టరీకి పంపాం. వాళ్ళున్న రెండు రోజులూ సాఫ్ట్‌వేర్ బుద్ధిగా పనిచేసింది. వాళ్ళు బిస్కెట్లు తిని వచ్చారు.

మా పై అధికారి సదాశివరావుగారు. రాజమండ్రి మనిషి. ఎంత పెద్ద సమస్యనైనా అరగంట మీటింగులో ముగించాలనుకునే రకం. మూడో వారంలో పిలిచి ఒకే ప్రశ్న అడిగారు.

"కొత్త వెర్షన్లో కొత్తగా ఏం మారిందండీ?"

"భానుశ్రీ చేసిన మార్పు సార్," అన్నాను.

అది అబద్ధం కాదు. మా సాఫ్ట్‌వేర్ తీసుకున్న మెమరీని సాయంత్రం దాకా వదిలేది కాదు. పొద్దున పదింటికి చురుగ్గా ఉన్న కంప్యూటరు ఐదింటికి ఆయాసపడేది. కస్టమర్లంతా గోల పెడుతుంటే భానుశ్రీ నలభై లైన్లు రాసి, ఒక వరస చూడడం అయిపోగానే దాని మెమరీ వెనక్కి ఇచ్చేసేలా చేసింది. ఆ నలభై లైన్లు బాగున్నాయని అప్పుడు మెచ్చుకుంది కూడా నేనే. ఇప్పుడు ఆ పేరే చెప్పాను. పైగా ఆ మార్పు తీసేసి రెండు రోజులు నడిపించాం కూడా. క్రాష్ ఆగిపోయింది. ఇంకేం సాక్ష్యం కావాలి?

భానుశ్రీ అదే గదిలో, ఆ మూల కుర్చీలో ఉంది. తల దించుకుని నోటుబుక్కులో ఏదో గీసుకుంటోంది.

ఆ అమ్మాయికి ఇరవై మూడేళ్ళు. వసంత్ కుంజ్‌లో పెరిగింది. వాళ్ళ నాన్న కేంద్ర ప్రభుత్వంలో అధికారి. మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది. మొదటి ఉద్యోగం. ఆరునెలల ప్రొబేషను ఆ శుక్రవారంతో పూర్తవుతుంది. ఉద్యోగం పర్మనెంటు కాకపోతే సోమవారం నుంచి సివిల్స్ కోచింగులో చేరాలని వాళ్ళ నాన్నతో ఒప్పందమట. ఫీజు కూడా కనుక్కుని ఉంచారట. మా ఆఫీసులో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు, ఎందుకంటే భోజనాల దగ్గర ఆ పిల్లే నవ్వుతూ చెప్పింది. క్రాష్ మొదలయ్యాక మళ్ళీ చెప్పలేదు.

"శుక్రవారం పదకొండింటికి చూద్దాం," అన్నారు సదాశివరావుగారు. "కారణం అదే అని తేలితే కన్ఫర్మేషన్ ఇవ్వడం కష్టం. హెచ్‌ఆర్ వాళ్ళు ఒప్పుకోరు. ఏం రఘువీర్?"

నేను తలూపాను. అప్పుడు కృష్ణకుమారి గారు నోరు తెరిచారు.

"తీసేస్తే ఆగిందన్నారు. బాగుంది. ఎందుకు ఆగిందో తెలియాలి కదండీ?"

"ఆగింది గద మేడమ్, ఇంకేంది?" అన్నాను నేను. కోడిగుడ్డుకు ఈకలు పీకడమంటే ఇదేనని మనసులో అనుకున్నాను. బయటికి కూడా కొంచెం అన్నానేమో.

"నేను ఘాజియాబాద్ వెళ్ళొస్తానండీ. ఆ మంగళవారం సంగతేమిటో చూస్తాను. మీరూ వస్తే మంచిది. నాకు కనిపించింది మీకు చెబితే మీరు నమ్మరు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. అందుకే వెళ్ళాను.

బుధవారం నా కారులో బయల్దేరాం. వెళ్ళేముందు ఆవిడ ఫ్యాక్టరీ డ్యూటీ పట్టిక తెప్పించుకుని చూశారు. కంట్రోల్ రూములో మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఎక్కే మనిషి పేరు శ్రీరాములు. అతని వారపు సెలవు మంగళవారం. అంటే నా హనుమాన్ మందిరం సిద్ధాంతం అక్కడితో సరి. ఆవిడ ఆ కాగితాన్ని నా ముందు పెట్టి, సంచీ తీసుకుని కారు దగ్గరికి నడిచారు. ఒక్క మాట అని ఉంటే బాగుండేది, పోట్లాడుకునేవాణ్ణి.

కంట్రోల్ రూము అంటే పెద్దగా ఊహించుకోకండి. అగ్గిపెట్టెలాంటి గది, రెండు కంప్యూటర్లు, ఒక ఫోను, గది నిండా వనస్పతీ, చక్కెరా కలిసిన వాసన. భానుశ్రీ మార్పు ఉన్న వెర్షన్ని పొద్దున్నే మళ్ళీ అక్కడ పెట్టించాం. శ్రీరాములుకు యాభై దాటి ఉంటాయి. బక్కపలచని మనిషి. మమ్మల్ని చూడగానే లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు.

"నమస్తే సాబ్. నమస్తే మేడమ్."

రెండయింది. పాత షిఫ్టు కుర్రాడు "సబ్ ఠీక్ హై చాచా" అని చెప్పి వెళ్ళిపోయాడు. శ్రీరాములు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. మేము రాసిన వాడుక పుస్తకాన్ని పక్కన తెరిచి పెట్టుకున్నాడు. ఫైలు తెరిచి, మొదటి వరస దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే కిందికి నొక్కుతూ పోయాడు. పరీక్ష రాస్తున్న పిల్లాడిలా ఉన్నాడు. రెండుంపావు అయింది. రెండున్నర అయింది. ఏమీ కాలేదు.

"పోదామా మేడమ్?" అన్నాను. "ఇది మనం వస్తే పడదు. నాకు తెల్సు."

"టీ తాగి వెళదామండీ," అన్నారు ఆవిడ.

టీ వచ్చింది, పళ్ళెం నిండా విరిగిన బిస్కెట్లు వచ్చాయి. ఆవిడ బిస్కెట్ అందుకుంటూ శ్రీరాములు వైపు తిరిగారు. "ఏ ఊరు బాబూ మీది? ఇందాక ఫోన్లో ఎవరితోనో 'ఏటి' అన్నారు, విన్నాను."

అతని మొహం వెలిగిపోయింది. "పలాస దగ్గిరమ్మా! మీరు తెలుగోళ్ళా? మీదేవూరు?"

"బొబ్బిలి."

"ఓలమ్మా, బొబ్బిలే! మా సెల్లిని ఆ పక్కకే ఇచ్చినాం. ఢిల్లీలో మన పక్కోళ్ళు కనబడి ఎన్నాల్లయిందో."

ఆ తర్వాత పావుగంట నేను ఆ గదిలో ఉన్నానో లేనో వాళ్ళకు పట్టలేదు. జీడిపప్పు ధరలు, పలాసలో రైళ్ళు ఆగే వేళలు, సాహిబాబాద్‌లో మంచి చేపలు ఎక్కడ దొరుకుతాయి అన్నవన్నీ వచ్చాయి. కృష్ణకుమారి గారి మాట కూడా ఆ యాసలోకి జారిపోయింది. పదకొండేళ్ళలో ఆవిడ అలా మాట్లాడడం నేను వినలేదు. శ్రీరాములు కుర్చీలో వెనక్కి వాలాడు. చొక్కా పై బొత్తాం విప్పుకున్నాడు.

అప్పుడు ఫోను మోగింది. మూడో నంబరు బెల్టు ఆగిపోయింది. అతను మాట్లాడుతూనే తెర వైపు తిరిగాడు. పుస్తకం మూసి పక్కకి నెట్టాడు. ఒక్క నొక్కుతో ఫైలు చివరికి వెళ్ళి, అక్కడి నుంచి పైకి, ఒక్కో వరసే పైపైకి నొక్కుతూ పోయాడు. ఏడో ఎనిమిదో నొక్కాడు. తెర మాయమైంది.

శ్రీరాములు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "నానేటీ సెయ్యలేదమ్మా! రోజూ సేసినట్టే సేసినాను!"

"చేశారు బాబూ," అన్నారు కృష్ణకుమారి గారు. ఆవిడ కూడా లేచి నిలబడ్డారు. "మీరు మంచి పనే చేశారు. కూసోండి. రోజూ ఇలాగే సదువుతారేటి? కింద నుంచి పైకి?"

అతను తప్పు దొరికిపోయినవాడిలా నా వైపు చూశాడు. "అవునమ్మా. దూటీ ఎక్కగానే అలాగే సూసుకుంతాను. ఇప్పుడు జరిగింది ముందు సూసి, ఎనక్కి ఎల్తాను. నిన్న నాను వొదిలిన కాడికి ఎల్లేదాకా సూస్తాను. పొద్దుట కుర్రోడు అంతా బాగుందని సెప్తాడు గానీ, నాను నమ్మను."

"ఎందుకు నమ్మరు?"

"ఊర్లో ఉన్నప్పుడు జూట్ మిల్లులో సేసినానమ్మా. దిగిపోయినోడు అంతా బాగుందన్నాడు. ఎక్కినోడు నా జతగాడు. యంత్రంలో సెయ్యి పెట్టినాడు, సేతికి నాలుగు ఏళ్ళు తెగిపోయినాయి. అప్పట్నుంచి నా కళ్ళతో సూసుకుంటే గానీ నాను కుర్సీలో కూకోను."

"మరి మా కుర్రాళ్ళు వచ్చినప్పుడు, ఇవాళ మేము వచ్చాక, పైనుంచి కిందికి చదివారేం?"

"ఆఫీసోళ్ళు వొచ్చినారు కదమ్మా," అన్నాడు శ్రీరాములు సిగ్గుపడుతూ. "పుస్తకంలో ఎలాగుందో అలాగ సేసి సూపించాలి కదేటి? లేపోతే బాగోదు."

నేను నోరు వెళ్ళబెట్టాను. ఫోన్లో మా వాళ్ళు ప్రతిసారీ అతన్ని ఏం చేశావని అడిగారు. అతను ప్రతిసారీ రోజూ చేసేదే అన్నాడు. మా వాళ్ళు 'మామూలు వాడకం' అని రాసుకున్నారు. మూడు వారాలు, పదిహేడు ఫోన్లు, ఒక్కడూ ఆ మామూలు ఏమిటని అడగలేదు. నేనూ అడగలేదు.

తిరిగి వస్తుంటే మోహన్ నగర్ చౌరస్తాలో ట్రాఫిక్ ఆగిపోయింది. ఆటోవాడొకడు నా అద్దానికి ఆనుకుని హారన్ కొడుతున్నాడు. కృష్ణకుమారి గారు నా వైపు చూడకుండానే మాట్లాడారు.

"నా పేరు లేని లిస్టులు నాలుగు చూశానండీ. నాలుగోసారి షాజహాన్ రోడ్డులో యూపీఎస్సీ ఆఫీసు బోర్డు చూసి, బస్సెక్కకుండా గదిదాకా నడిచాను. దారంతా ఏం తప్పు చేశాను, ఏం తప్పు చేశాను అనుకుంటూనే ఉన్నాను. చివరికి ఫలానా పేపరు సరిగా రాయలేదని ఒప్పేసుకున్నాను. మార్కులొచ్చాక చూస్తే ఆ పేపరే అన్నిటికన్నా బాగా రాశాను. ఆ పిల్ల లిస్టులో ఉండకపోతే మానె. తను చేయనిదానికి మాత్రం పోకూడదు. నాకు అది చూడ్డం కష్టం."

 అప్పటికి కూడా నాకు లోపల ధీమాగానే ఉంది. పైకి చదివితే పడింది, అంతేగా. మెమరీ వెనక్కి ఇచ్చేది భానుశ్రీ లైన్లే. తప్పు వాటిలో ఉండకపోతే ఇంకెక్కడుంటుంది?

గురువారం పొద్దున ఆవిడ తన పరీక్షలన్నీ ముందు తిరగేశారు. వెయ్యిన్నొక్క పరీక్షలు. అన్నీ మొదటి వరస నుంచి చివరికి వెళ్ళేవే. "చూశారా, ఇది నా తప్పు," అని ఒక కాగితం మీద రాసుకున్నారు. తర్వాత మెమరీ వాడకాన్ని కనిపెట్టి చూసే పరికరాన్ని తగిలించి, అదే ఫైలును చివరి నుంచి పైకి చదివించారు. మూడు నిమిషాలు పట్టింది. తెర మీద ఎర్రగా ఒక కోడ్ ఫైలు పేరు, పక్కన నాలుగువందల పద్దెనిమిదో లైను అని వచ్చింది. భానుశ్రీ రాసిన ఫైలు కాదు అది. ముక్కలుగా వచ్చే పొడుగు సందేశాలను అతికించే పాత ఫైలు.

సదాశివరావుగారికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలా అని ఆవిడ కాసేపు ఆలోచించి, నాకు చెప్పి చూశారు.

"రాజిందర్ నగర్‌లో గది ఖాళీ చేశామనుకోండి. తాళంచెవి మాత్రం ఇవ్వకుండా జేబులో ఉంచుకున్నాం. ఎప్పుడైనా వెళ్ళి తలుపు తీస్తే గది ఖాళీగానే ఉండేది, ఎందుకంటే ఇంటాయన బద్ధకస్తుడు, మళ్ళీ అద్దెకు ఇచ్చేవాడు కాదు. ఈ అమ్మాయి వచ్చి, ఖాళీ అయిన గదిని వెంటనే అద్దెకు ఇచ్చే ఏర్పాటు చేసింది. అది సరైన పనే. ఇప్పుడు మనం పాత తాళంచెవితో తలుపు తీస్తే లోపల వేరేవాళ్ళు ఉన్నారు. గొడవ అవదూ? పైనుంచి కిందికి చదివితే ఆ తాళంచెవి వాడాల్సిన పనే రాదు. కింద నుంచి పైకి వస్తేనే ఆ తలుపు దగ్గరికి వెళతాం."

"తప్పు తాళంచెవి ఉంచుకున్నోనిది," అన్నాను నేనే.

"ఎవరు రాశారో ఈ మీట నొక్కితే వస్తుంది," అన్నారు ఆవిడ. నొక్కలేదు. కప్పు తీసుకుని లేచారు. "నేను టీ తెచ్చుకుంటానండీ."

నొక్కాను. రఘువీర్ అని వచ్చింది. తొమ్మిదేళ్ళ కిందటి తేదీ. పక్కన నేనే రాసుకున్న చిన్న వ్యాఖ్య: 'వేగం కోసం'.

 ఆ లైను నాకు గుర్తుంది. దానివల్ల సాఫ్ట్‌వేర్ రెండింతలు చురుకైందని అందరికీ చూపించాను. ఆ ఏడాది నాకు ప్రమోషన్ వచ్చింది కూడా.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలంటే సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను. శుక్రవారం మీటింగుకి నివేదిక రాయడానికి కూర్చుని ఇలా రాశాను: 'పాత కోడ్‌కూ కొత్త మార్పుకూ మధ్య పొసగకపోవడం వల్ల ఈ సమస్య తలెత్తింది.' ఒక్క అక్షరం అబద్ధం లేదు. నాలుగుసార్లు చదువుకుని తృప్తిపడ్డాను. భానుశ్రీకి మహా అయితే ఇంకో మూడు నెలలు ప్రొబేషన్ పొడిగిస్తారు, కొంపలేం మునుగుతాయి అనుకున్నాను. కృష్ణకుమారి గారికి చూపించాను.

ఆవిడ చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది చదివితే సదాశివరావుగారు ఎవరి పేరు అనుకుంటారండీ?"

"అది ఆయనిష్టం గద మేడమ్."

"అచ్ఛా," అన్నారు. అంతే. కాగితం నా బల్ల మీద పెట్టి, తన సీటుకు వెళ్ళి, కింద నుంచి పైకి చదివే కొత్త పరీక్షలు రాసుకోవడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి. ఈవిడ దగ్గర అదీ కుదరదు. సాయంత్రం దాకా ఆ ఒక్క వాక్యాన్ని పదకొండు రకాలుగా మార్చి రాశాను. ప్రతి రకంలోనూ చదివినవాడికి భానుశ్రీ పేరే తోస్తోంది.

శుక్రవారం పదకొండింటికి గదిలో సదాశివరావుగారు, హెచ్‌ఆర్ మనిషి, కృష్ణకుమారి గారు, నేను. భానుశ్రీని బయట కూర్చోమన్నారు. అద్దం తలుపులోంచి ఆ పిల్ల వీపు కనిపిస్తోంది. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఉంది, వెళ్ళిపోవడానికి తయారైనదానిలా.

"చెప్పండి రఘువీర్. ఆ అమ్మాయి మార్పే కదా?"

నివేదిక నా చేతిలో ఉంది. చదవలేదు.

"కాదు సార్. తప్పు నాది. తొమ్మిదేండ్ల కింద నేను రాసిన లైను. ఆమె రాసింది మొత్తం కరెక్టు. ఇంకోటి సార్, ఆ రోజు మీరు అడిగితే చూడకుంటనే ఆమె పేరు చెప్పిన. అదీ నా తప్పే."

కృష్ణకుమారి గారు తల ఎత్తారు. "పైకి చదివే పరీక్ష ఒక్కటి నేను రాసి ఉంటే కొత్త వెర్షన్ బయటికి వెళ్ళకముందే దొరికేదండీ. అది నాది," అన్నారు.

సదాశివరావుగారు మా ఇద్దరినీ కళ్ళజోడు పైనుంచి చూశారు. "తొమ్మిదేళ్ళా? అంటే అన్ని కస్టమర్ల దగ్గరా ఉందన్నమాట. సోమవారానికి అందరికీ పంపించండి, మీ పేరుతోనే లెటరు రాయండి." హెచ్‌ఆర్ వైపు తిరిగారు. "ఆ అమ్మాయికి కన్ఫర్మేషన్ ఇచ్చేయండి. ఠీక్ హై? తర్వాతిదేమిటి?"

నా తొమ్మిదేళ్ళ గొప్పా, ఆ పిల్ల ఉద్యోగమూ కలిపి నాలుగు నిమిషాల్లో తేలిపోయాయి. ఆయన మీటింగులు అంతే.

బయటికి వచ్చేసరికి భానుశ్రీ అక్కడ లేదు. వెతికితే మెట్ల దగ్గర దొరికింది. హెచ్‌ఆర్ మనిషి అప్పటికే చెప్పేసినట్టుంది, చేతిలో కాగితం ఉంది. సంతోషంగా ఉంటుందనుకున్నాను. ఉద్యోగం పర్మనెంటు అయింది, కోచింగు తప్పింది. గంతులేస్తుందనుకున్నాను. మెట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఏమైంది భానుశ్రీ? అయిపోయింది గద! నీ తప్పేం లేదని తేలింది."

ఆ పిల్ల ముక్కు తుడుచుకుంది. హిందీలోనే చెప్పింది, నేను నా మాటల్లో చెబుతున్నాను. మూడు వారాలుగా ఆ నలభై లైన్లను రోజూ చదివిందట. మెట్రోలో చదివింది, ఇంట్లో చదివింది. తప్పు దొరకలేదు. దొరకనందుకు తనకు ఈ పని రాదేమో అనుకుంది. నిన్న రాత్రి వాళ్ళ నాన్నతో తప్పు తనదేనని చెప్పేసిందట. ఇంత పెద్దవాళ్ళు అంటున్నారంటే నిజమే అయి ఉంటుంది కదా అని.

"ముఝే భీ యకీన్ హో గయా థా సర్," అంది చివర్న. తనూ నమ్మేసిందట.

ఉద్యోగం ఇప్పించగలిగాం. ఆ మూడు వారాల్లో ఆ పిల్ల దగ్గర నేను తీసుకున్నదాన్ని ఎలా తిరిగివ్వాలో నాకు తెలియలేదు. నాకు నిజంగా బాధ కలిగింది. మా చిన్నమ్మాయికి పద్నాలుగేళ్ళు. రేపు దాన్ని కూడా ఎవడో ఇలాగే మీటింగులో ఒక్క మాట అని తలూపుతాడేమో అనిపించింది.

కృష్ణకుమారి గారు చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఆ పిల్ల పక్కన మెట్టు మీద కూర్చున్నారు. సంచీలోంచి శ్రీరాములు ఇచ్చిన బిస్కెట్ పొట్లం తీసి మధ్యలో పెట్టారు. భానుశ్రీ ఆవిడ భుజానికి తల ఆనించింది. నేను రెండు మెట్లు కింద కూర్చుని, పైకి చూస్తూ, నన్ను క్షమించమని అడిగాను. పదకొండేళ్ళ ఆఫీసు జీవితంలో నాకంటే చిన్నవాళ్ళను అలా అడగడం అదే మొదటిసారి.

వెంటనే 'కోయీ బాత్ నహీ సర్', పర్లేదు సార్, అంటుందనుకున్నాను. ఈ ఢిల్లీ పిల్లలంతా ప్రతిదానికీ అదే అంటారు. అనలేదు. అనమని కృష్ణకుమారి గారూ చెప్పలేదు. మేము ముగ్గురం అలాగే కూర్చున్నాం.